షోకేసులో అమ్మ పలువరస

చైనా డాక్టరమ్మ ఇక లేదు. ఈ కబురు నాకు టైలర్ భాయి ఫోనులో చెప్పాడు. ఇల్లందు బజారులో ఆయన బట్టలు కుట్టే కొట్టు, ఆమె పళ్లు కట్టే కొట్టు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి.

"టీచరమ్మా, పొద్దుగాల షట్టర్ లేవలే. చాయ్ పంపిస్తే తలుపు తియ్యలే. ఎనక నుంచి పోయి చూసినం. నిద్రలనే పోయింది" అన్నాడు.

"ఎన్ని గంటలకు?" అని అడిగాను. నా నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే. గంట తెలిస్తే నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు.  

ఆమెను చూడని వాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి మొదటి నుంచి చెబుతాను. నేను కళ్లారా చూసింది ఒకటి, ఆమె చెప్పగా విన్నది ఒకటి. రెండింటినీ ఒకే పద్దులో కలిపే అలవాటు నాకు లేదు. ఏది ఏదో చెబుతూనే రాస్తాను.

ముఖం చూస్తే చైనా మనిషి. నోరు తెరిస్తే ఇల్లందు. కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగులు ఆమెతో ఇంగ్లీషులో మొదలుపెట్టేవాళ్లు. "ఏంది సారూ, పన్ను నొస్తుందా, నాలిక నొస్తుందా? తెలుగుల చెప్పు" అనేది. వాళ్లు ఆమె ముఖాన్ని, ఆ మాటను కలుపుకోలేక తికమకపడుతుంటే టైలర్ భాయి మిషను ఆపి మరీ వినేవాడు.

ఆమెకు డిగ్రీ లేదు. బోర్డు మీద డాక్టర్ అన్న మాట కూడా లేదు. 'ఇచ్చట పళ్లు కట్టబడును' అని మాత్రమే ఉండేది. డాక్టరమ్మ అన్నది జనం పెట్టిన పేరు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. మైనం మెత్తబెట్టి నోట్లో అచ్చు తీయడం, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి పలువరస దింపడం, దాని మీద కట్టుడు పళ్లు అమర్చడం. గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్లలో సగం మంది ఆమె కట్టిన పళ్లతోనే అన్నం తిన్నారని టైలర్ భాయి అంటాడు. అది భాయి లెక్క, నాది కాదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు బడిలో మంచి పేరు, అంటే పిల్లలకు భయం. దవడ పన్ను విరిగింది. కుర్చీలో కూర్చుని పనిముట్లు మరిగించావా, చేతులు కడిగావా అని వరసగా అడుగుతున్నాను. ఆమె అన్నిటికీ "అవ్" అని చివరకు, "టీచరమ్మా, ముందుగాల నోరు తెరువు. ధైర్యం తర్వాత తెచ్చుకుందువు" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

కొట్టులో ఒక డబ్బా నిండా వేయించిన పల్లీలు ఉండేవి. కొత్త పళ్లు పెట్టించుకున్న వాళ్లు అద్దంలో చూసుకుని నవ్వి లేచిపోబోతే భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టేది. "నవ్వుడు అందరికీ వస్తది. నమిలి చూపియ్యి" అనేది. టేకులపల్లి అవతల అడవి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గుప్పెడు పల్లీలు నమిలి, ఇంకో గుప్పెడు కొంగున కట్టుకుని, "ఇవి ఇంటికాడ నమిలి చూస్త" అని వెళ్లిపోవడం నేను చూశాను. అక్క ఆ పూటంతా నవ్వుతూనే ఉంది.

కొట్టు ముందు వీధివైపు ఒక అద్దాల షోకేసు. అందులో నమూనా పళ్ల సెట్లు. వాటికి ముందు, అన్నిటికంటే వెలుతురు పడే చోట, పాతబడి పసుపెక్కిన ఒక ప్లాస్టర్ పలువరస. పై పళ్లు మాత్రమే. అది కూడా వ్యాపారం కోసం పెట్టిందే అని నేను చాలా కాలం అనుకున్నాను. ఒకనాడు దుమ్ము తుడుస్తుంటే అడిగాను, ఇంత పాతది తీసేయరాదా అని.

"అది మా అమ్మ" అంది.

ఇక ఇది ఆమె చెప్పగా విన్నది. తండ్రి కలకత్తాలో పాత చైనా పేటలో పళ్లు కట్టేవాడు. అక్కడ ఆ పనివాళ్లు ఎక్కువ, నోళ్లు తక్కువ. బొగ్గు గనుల ఊళ్లలో పని దొరుకుతుందని ఎవరో చెబితే ఇల్లందు వచ్చాడు. కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ. ఒకసారి వస్తూ వస్తూ చిన్నపిల్లగా ఉన్న అక్కను కూడా తెచ్చుకున్నాడు. తల్లి, చంటి తమ్ముడు అక్కడే ఉన్నారు. తల్లికి ఒక దవడ పన్ను ఊడింది. తీరికగా కట్టి తెస్తానని ఆమె నోటి అచ్చు తీసుకుని రైలెక్కాడు.

అప్పుడే చైనాతో యుద్ధం వచ్చింది. ఆ ముఖం ఉన్నవాళ్లు ఉన్న ఊరు దాటకూడదన్నారు. తండ్రి పోలీసు ఠాణాలో సంతకం పెడుతూ ఇక్కడే ఉండిపోయాడు. అక్కడికి రాసిన ఉత్తరాలు తిరిగి వచ్చాయి. ఊరు దాటడానికి అనుమతి దొరికి ఆయన వెళ్లేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. పోలీసులు తీసుకెళ్లారని ఒకరు, చైనాకు ఓడ ఎక్కించారని ఒకరు, ఇక్కడే ఇంకో పేటకు పోయారని ఒకరు చెప్పారట. ఆయన తిరిగొచ్చి ఆ ప్లాస్టర్ పలువరసను షోకేసులో ముందుకు జరిపాడు.  భార్య పేరు మళ్లీ ఎత్తలేదట. అక్కకు తల్లి పేరు తెలియదు. చిన్నపిల్లకు తల్లి పేరుతో ఏం పని? 'మా' అని పిలిచేది, అంతే.

ఆ ఇంట్లో ఫొటో అన్నది లేదు. ఉన్నది ఆ పలువరసే. అందులో ముందు పన్ను అంచున ఒక చిన్న నొక్కు ఉంది. తల్లి కాగితం పూలు కట్టి అమ్మేది. దారం పళ్లతో తెంపీ తెంపీ పడిన నొక్కు అది. "తమ్ముడు సుత మా అమ్మ దారం తెంపుడు చూస్కుంటనే పెరిగుంటడు. ఎప్పుడన్న ఈ తొవ్వన వస్తే ఆ నొక్కు గుర్తు పడతడు" అనేది అక్క. తండ్రి కట్టిన ఒంటి దవడ పన్ను కూడా ఆ పలువరసలోనే, ఖాళీ ఉన్న చోట అమర్చి ఉంది. ఇవ్వాల్సిన మనిషికి చేరలేదు. తడిగుడ్డతో దాన్ని తుడిచి మళ్లీ అక్కడే పెట్టేది.

తండ్రి సమాధి ఊరి చివర క్రైస్తవుల సమాధుల దగ్గర ఒక మూలన ఉంది. చైనా వాళ్లకు వసంతంలో పెద్దల సమాధులు కడిగి అన్నం పెట్టే రోజు ఒకటి ఉందట. ఆ రోజు ఎప్పుడు వస్తుందో చెప్పే పంచాంగం ఇల్లందులో ఎక్కడ దొరుకుతుంది? అందుకని తండ్రి బతికి ఉండగానే ఒక ఏర్పాటు చేసి పోయాడు. అడవిలో ఇప్పపువ్వు రాలడం మొదలయ్యాక వచ్చే ఆదివారం. అక్క అదే పాటించింది. గడ్డి చీపురుతో చుట్టూ ఊడ్చి, అన్నం, కోడికూర, చాయ్ పెట్టి, కాసేపు కూర్చుని, తరువాత అదే అన్నం మాకు పెట్టేది. సమాధి దగ్గర పెట్టిన అన్నం తినడానికి నేను మొదట వెనుకాడాను. "మా నాయిన ఎంగిలి చెయ్యడు టీచరమ్మా, ఆయనకు పద్ధతి ఎక్కువ" అంది. తిన్నాను. తరువాత ప్రతి ఏడూ తిన్నాను.

గిన్నె ఒక్కటే పెట్టేది. అమ్మకు పెట్టవా అని ఒకసారి అడిగాను.

"బతికున్నోళ్లకు ఈడ పెడితే పాపం గాదా?"

తల్లి వయసు ఎంత ఉంటుందో నేను మనసులో లెక్క వేశాను. 

మూడేళ్ల కిందట శీతాకాలంలో ఇద్దరం కలకత్తా వెళ్లాం. అదీ ఆమె అడిగితే కాదు. నా మోకాళ్లు ఇంకా నడుస్తున్నాయి, ఆమె కళ్లు ఇంకా చూస్తున్నాయి, ఇంకెప్పుడు పోతాం అని నేనే అన్నాను. నా మనవరాలు టికెట్లు తీసింది. అక్క ఆ పలువరసను పాత చీర ముక్కలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది. దారిపొడవునా ఆ సంచి ఆమె ఒళ్లోనే ఉంది.

చిన్నప్పుడు తప్పిపోతే ఇంటికి ఎలా రావాలో తల్లి నేర్పిన దారి ఒకటి ఆమెకు కంఠస్థం. కొట్టులో పళ్లు నున్నగా అరగదీస్తూ గొణుక్కునేది. కుళాయి, చెక్కపెట్టెల దుకాణం, ఎర్ర తలుపుల గుడి, ఎడమకు తిరిగితే పచ్చ కిటికీ. తల్లి నేర్పింది వాళ్ల భాషలో. గొణుక్కోగా గొణుక్కోగా ఎప్పుడో తెలుగైపోయింది. "మాటలు పోయినయ్ టీచరమ్మా. తొవ్వ మిగిలింది" అంది రైల్లో.

తెల్లవారుతూనే పాత చైనా పేటలోని తిరెట్టా బజారు చేరాం. రోడ్డు పక్కన అల్యూమినియం గిన్నెల్లోంచి ఆవిరి లేస్తోంది. చేప ఉండల చారు, ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్నులు. అమ్మేవాళ్లలో కొందరి ముఖాలు అక్క ముఖంలాగే ఉన్నాయి. ఆమె ఒక్కొక్కరినీ ఎంతసేపు చూసిందంటే నేను చేయి పట్టి లాగాల్సి వచ్చింది. ఒక బన్ను కొని నాకు సగం ఇచ్చింది.

"నడిబజారులో నిలబడి తింటామా అక్కా?"

"కూసునేదాక సల్లారిపోతది. తిను. నీ శిష్యులు ఎవ్వరు లేరీడ."

అమ్మే ఆయన ఏదో వాళ్ల భాషలో పలకరించాడు. ఆమెకు అర్థం కాలేదు. ఎక్కడి నుంచి అని హిందీలో అడిగాడు. ఇల్లందు అంది. అది చైనాలో ఎక్కడ అన్నాడు. "ఖమ్మం పక్కన" అంది. ఆయన తల ఊపాడు, అలాంటి చోటు చైనాలో ఉండే ఉంటుందని నమ్మినట్టు. అంతలో ఒక సైకిలువాడు ఆమె కాలి మీద నుంచి చక్రం పోనిచ్చాడు. "ఓర్నీ, కండ్లు నెత్తికెక్కినయారా!" అని అరిచింది. బజారంతా తిరిగి చూసింది. ఆ ముఖం నుంచి ఆ మాట వాళ్లు ఎన్నడూ విని ఉండరు.

అక్కడి నుంచి నడక. మనవరాలు ఫోనులో మ్యాపు పెట్టిచ్చింది కానీ నేను దాన్ని తెరవలేదు. అక్క ముందు, నేను వెనక. గోడల మీద పెచ్చులూడిన పాత అక్షరాలు, పైన కరెంటు తీగలు, మూసిన తలుపుల మీద తుప్పు. కుళాయి ఉంది. మూల తిరగ్గానే కనిపించింది, నీళ్లు కారుతూనే ఉంది. ఆమె అడుగు వేగం పెరిగింది. చెక్కపెట్టెల దుకాణం లేదు, అక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఎర్ర తలుపుల గుడి ఉంది. లోపల అగరుబత్తుల పొగ. ఎలా మొక్కాలో ఆమెకు తెలియలేదు. చుట్టూ చూసి, చివరకు భద్రాచలంలో రాములవారికి మొక్కినట్టే మొక్కింది.

ఎడమకు తిరిగాం. కిటికీ ఉంది. నీలం రంగు వేశారు.

తలుపు తీసింది బీహారు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంలోని పెద్దావిడ. సంగతంతా నా బడి హిందీలో చెప్పాను. ఆవిడ లోపలికి రమ్మని కుర్చీలు తుడిచింది. తన అత్తగారి కాలంలో ఈ ఇల్లు తీసుకున్నారట. వచ్చేసరికి ఖాళీగా ఉందట, గోడకు మేకులు తప్ప ఏమీ లేవట. అక్క కిటికీ దగ్గరకు వెళ్లి గట్టు మీద చేయి పెట్టింది. "ఈన్నే కూసొని పూలు కట్టేది" అంది తెలుగులో, ఎవరితోనో చెప్పినట్టు. ఆవిడ చాయ్ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మాకు ఏమీ తెలియదమ్మా అని చేతులు జోడించింది. తప్పు ఆవిడది కాదు. ఎవరిది అని అడగడానికి ఆ వీధిలో మనిషి లేడు.

తిరిగి వస్తుంటే ఒక పళ్ల కొట్టు కనిపించింది. అచ్చం ఇల్లందు కొట్టే. అదే అద్దాల షోకేసు, అవే సెట్లు. లోపల బాగా ముసలాయన, చైనా మనిషే. అక్క సంచి విప్పి పలువరసను ఆయన చేతిలో పెట్టింది. ఫలానా వాళ్లను చూశారా అని అందరూ ఫొటో చూపించి అడుగుతారు. ఆమె పళ్లు చూపించి అడిగింది. ఆయనకు అది వింతగా అనిపించలేదు. వెలుతురుకు తిప్పి చూశాడు. నొక్కు మీద గోరు పెట్టాడు.

"దారం పని చేసేదా?" అన్నాడు హిందీలో.

"అవ్, అవ్!" అంది అక్క. హిందీ మరిచిపోయింది.

"పేరు?"

"మా."

ముసలాయన పలువరసను బల్ల మీద పెట్టాడు. ఇక్కడ పూలు కట్టే ఆడవాళ్లు ఇంటింటికీ ఉండేవాళ్లు, అందరి పళ్లకూ ఇదే నొక్కు అన్నాడు. ఓడ ఎక్కినవాళ్లు ఎక్కారు, మిగిలినవాళ్లు ఊరి అంచున తాంగ్రా పేటకు పోయారు, అక్కడి నుంచి పిల్లలు కెనడాకు తీసుకుపోయారు. పేరు లేకుండా ఎవరిని అడగను అన్నాడు. తరువాత, దీన్ని నా షోకేసులో పెట్టి పో, మా చైనా కొత్త సంవత్సరానికి మావాళ్లు దూరదేశాల నుంచి వస్తారు, ఎవరి కళ్లనైనా పడుతుందేమో అన్నాడు.

అక్క పెట్టింది. వెలుతురు పడే చోట తానే సర్దింది. ఇద్దరం సందు చివరి దాకా నడిచాం. అక్కడ ఆగిపోయింది.

"టీచరమ్మా, తమ్ముడు ఈడికొస్తే ఆనికి అమ్మ దొరుకుతది. నేను దొరకను గదా."

వెనక్కి వెళ్లి తెచ్చుకుంది. ముసలాయన దాన్ని ఒక కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను ఆమె కొట్టు చిరునామాను ఇంగ్లీషులో, హిందీలో పెద్ద అక్షరాలతో రాసి, 'పై పలువరస, ముందు పన్నుకు నొక్కు, ఇల్లందులో ఉంది' అని చేర్చి ఆయన షోకేసు అద్దానికి అంటించాను. నాకు చేతనైంది అంతే.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రి దాటి గోదావరి బ్రిడ్జి మీద రైలు పోతుండగా అడిగింది. "నువ్వు అన్నిటికీ లెక్క చూస్తవ్ గద. గింత దూరం పోయినందుకు ఏమొచ్చినట్టు?"

"తొవ్వ సరిగ్గా ఉంది అక్కా. నువ్వు ఒక్క మలుపు కూడా తప్పు చెప్పలేదు" అన్నాను.

కిటికీలోంచి నీళ్లు చూసింది. "గంతేనాయె" అంది.

ఆ తరువాత కొట్టు మరింత పెందలాడే తెరిచేది. ఫోను మోగితే చేతిలో మైనం అలాగే ఉంచి ఎత్తేది. ఎవరూ రాలేదు. కలకత్తా నుంచి కబురూ లేదు. ఒకటి రెండుసార్లు నాతో అంది, "నేను పోతే దాన్ని నాతోటి మట్టిల పెట్టకుండ్రి. ఎలుగుల ఉండాలె." నేను కసురుకున్నాను. కసురుకోవడం నాకు బాగా వచ్చు.

ఆమెను తండ్రి పక్కన పెట్టారు. బజారు బజారంతా వచ్చింది. వచ్చిన ముసలివాళ్లందరూ నోరు మూసుకునే ఏడ్చారు, తెరిస్తే కనబడేవి ఆమె కట్టిన పళ్లే. మట్టి వేసేటప్పుడు ఏదైనా చదవాలా, ఏం పెట్టాలి అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాకెవరికీ తెలియదు. తెలిసిన మనిషి లోపల ఉంది.

ఆమె కొట్టు యజమాని మంచివాడే. ఇన్నేళ్లలో ఆమెను ఒక్క మాట అనలేదు. నెలలోగా ఖాళీ చేయించి తన కొడుకుకు మొబైల్ షాపు పెట్టిస్తానని చెప్పాడు. ఆయన కొట్టు ఆయన ఇష్టం. కానీ కలకత్తాలో నేను అద్దానికి అంటించిన చిరునామా ఆ కొట్టుదే. కాగితం ఇంకా ఉందో లేదో తెలియదు. ఆ ముసలాయన ఉన్నాడో లేదో తెలియదు. ఫోను నంబరు తీసుకోలేదా అని మనవరాలు అడిగింది. ఆయన దగ్గర ఫోను లేదు. మళ్లీ వెళ్దామంటే నా మోకాళ్లు ఇప్పుడు బజారు దాకా రావడమే గొప్ప. ఇంతకాలం ఏ పనికైనా ఒక దారి చూపించినదాన్ని. ఈ విషయంలో నాకు ఏ దారీ తోచడం లేదు.

చివరకు పలువరస తీసుకుని టైలర్ భాయి దగ్గరకు వెళ్లాను. ఆయన కొట్టుకు కూడా వీధివైపు ఒక అద్దాల అర ఉంది. రంగురంగుల దారపు కండెలు, గుండీలు పెట్టుకుంటాడు.

"ఏంది టీచరమ్మా, పండ్లు చూసి గిరాకీ బట్టలు కుట్టిచ్చుకోనీకె వస్తదా?" అన్నాడు. అంటూనే కండెలు పక్కకు జరిపాడు. లేచి వచ్చి వీధిలో నిలబడి చూశాడు. "కొద్దిగ ఇటు తిప్పుండ్రి. వచ్చెటోళ్లు రైల్వే స్టేషన్ దిక్కుకెల్లి గదా రావాలె" అన్నాడు.

తిప్పాను. ఆయన అంతటితో ఆగలేదు. "ఇప్పపువ్వు రాలంగనే నాకు చెప్పుండ్రి. కోడికూర మా ఇంట్ల వండిపిస్త" అన్నాడు. ఇప్పుడు రెండు గిన్నెలు పెట్టాలి. వాళ్ల అమ్మకు మూడోది పెట్టాలా వద్దా అన్నది ఆమె చెప్పి పోలేదు. నేను ఎవరిని అడగను?

ఆ దారిన ఎప్పుడు పోయినా ఆగి చూస్తున్నాను. నిన్న సాయంత్రం ఎండ ఏటవాలుగా అద్దం మీద పడింది. భాయి మిషను ఆడుతోంది, దారపు నూగు గాలిలో తేలుతోంది. దుమ్ము పట్టిందేమోనని అర తెరిచి పైటచెంగు చేతిలోకి తీసుకున్నాను. ముందు పన్ను నొక్కులో ఎర్ర దారం పోగు ఒకటి చిక్కుకుని ఉంది. అప్పుడే తెంపినట్టు ఉంది. తుడవకుండా అర మూసేశాను.